అమ్మాయి బొమ్మలు బాగున్నాయి కానీ “స్టైల్ లేదు” అన్నారు

అంబర్‌పేట_అమ్మ
మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ మూడో సంవత్సరం. పోయిన వారం తన బొమ్మల ఫోల్డర్ పట్టుకుని జూబ్లీహిల్స్ వైపు ఒక గ్యాలరీకి వెళ్లింది. అక్కడాయన అన్నీ తిరగేసి, చెయ్యి బాగుందమ్మా, కానీ నీకంటూ ఒక స్టైల్ లేదు, ఏదో ఒకటి పట్టుకుని అదే పద్ధతిలో పది బొమ్మలు వేసుకుని రా అన్నాడట. అప్పటినుంచి పిల్ల పెన్సిల్ ముట్టట్లేదు. అడిగితే “ఏం వెయ్యాలో తెలీట్లేదమ్మా” అంటుంది. నేను బ్యాంకు ఉద్యోగిని, బొమ్మలు చూసి సంతోషపడటమే తప్ప వాటి సంగతులు నాకు తెలియవు. కానీ దూరం నుంచి చూడగానే ఇది వైకుంఠం గారిది, ఇది బాపు గారిది అని నాలాంటిదానికి కూడా తెలిసిపోతుంది కదా, ఆ తెలిసిపోవడం దేనివల్ల? బొట్టు వల్లా, రంగు వల్లా, ఇంకేమైనా ఉందా? ఇరవయ్యేళ్ల పిల్ల కూర్చుని ఎంచుకోవాల్సినదేనా అది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, దానికి చూపిస్తాను.

లెక్కల_మాస్టారు
గ్యాలరీ ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదమ్మా. డబ్బు పోసి కొనేవాడు, ఇంటికొచ్చిన చుట్టాలు గోడ వైపు చూసి “ఓ, ఫలానావారి బొమ్మా” అనాలనుకుంటాడు. రోజుకో రకంగా వేస్తే ఎవరు గుర్తుపడతారు? పది బొమ్మలు ఒకే పద్ధతిలో వెయ్యమనడం మంచి సలహానే.

రెండో_బెంచీ
మాస్టారూ, మూడో ఏడు పిల్లకి మార్కెట్ గోల ఇప్పుడే ఎందుకండీ. మా బ్యాచ్‌లో ఒకడికి ఇలాగే ఎవరో చెబితే గుడ్లగూబలు పట్టుకున్నాడు. ఫైనలియర్ దాకా గుడ్లగూబలే. ఇప్పుడు వేరేది వేద్దామన్నా చెయ్యి కదలట్లేదంటాడు.

గీతల_పిచ్చి
గుడ్లగూబలు బాగుండేవా తమ్ముడూ?

రెండో_బెంచీ
మొదటి రెండూ చాలా బాగుండేవన్నా. నిజంగా.

కుంచె_కబుర్లు
మాస్టారితో నేను ఒప్పుకోను. వైకుంఠం గారి పేరు వచ్చింది కాబట్టి అక్కడే మొదలుపెడదాం. ఆయన 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నారు. మొదట్లో ఎక్కువగా బొగ్గుతో, పెన్సిల్‌తో వేశారు, ఇప్పుడు మనకు తెలిసిన ఎరుపులూ పసుపులూ తర్వాత వచ్చినవి. ఆ ఆడవాళ్లు ఎక్కడినుంచి వచ్చారంటే, వాళ్లమ్మ, చిన్నప్పుడు ఊళ్లో చూసిన ఆడవాళ్లు, ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లు. ఎవరో సలహా ఇస్తే పట్టుకున్న టాపిక్ కాదది.

ఇక గుర్తుపట్టే సంగతి. ఆయన్ని చూసి వేసినవి హోటల్ లాబీల్లో, ఇంటి అలంకరణ షాపుల్లో బోలెడు కనిపిస్తాయి. ఎర్ర చీర, రూపాయి బిళ్లంత బొట్టు, చిలక, అన్నీ ఉంటాయి. ఒకసారి అసలుదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూడండి. వైకుంఠం గారి బొమ్మలో మనిషి ఫ్రేము నిండా ఉంటుంది, భుజాలు అంచులదాకా వచ్చేస్తాయి, చుట్టూ ఖాళీ పెద్దగా మిగలదు. మెడ దగ్గర బయల్దేరిన గీత భుజం మీదుగా మోచేతిదాకా ఒకే ఊపులో దిగుతుంది, అందుకే ఆ ఒంటికి బరువుంటుంది. రెప్పలు సగం వాలి ఉంటాయి. కాపీ కొట్టినవాడు మనిషిని మధ్యలో నిలబెట్టి చుట్టూ ఖాళీ వదిలేస్తాడు, బొట్టు మాత్రం ఇంకాస్త పెద్దది చేస్తాడు. అంటే మనం పేరుపెట్టి చెప్పగలిగిన వస్తువులన్నీ ఎత్తుకెళ్లాడు, బొమ్మని నిలబెట్టినవేవో అవి అక్కడే ఉండిపోయాయి. అక్కా, మీ ప్రశ్నకి నా జవాబు ఇదే, బొట్టు చూసి మనం గుర్తుపట్టామనుకుంటాం కానీ కన్ను అంతకుముందే ఆ బరువుని పట్టేసుకుంటుంది.

లెక్కల_మాస్టారు
కన్ను ముందే పట్టుకుంటుందని ఎలా చెప్తారు? బొట్టు తీసేసి చూపిస్తే నూటికి ఎంతమంది చెప్పగలరు?

కుంచె_కబుర్లు
చెప్పగలరు మాస్టారూ. ఆయన రంగుల్లేకుండా గీసిన డ్రాయింగులు ఉన్నాయి. అవి చూసి కూడా చెప్పేస్తారు.

జింకు_ప్లేటు
దీనికి నేనొకటి కలుపుతా. ఇంకో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. ఆయనదీ తెలంగాణ పల్లే, ఆయనా హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లారు, అదే సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఇద్దరూ పెరిగింది అలాంటి ఊళ్లలోనే, చూసింది అలాంటి మనుషుల్నే. అయినా ఒకరిది చూసి ఇంకొకరిదనుకోవడం ఎవరివల్లా కాదు. గౌడ్ గారి మనుషులూ మేకలూ చెట్లూ ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొస్తుంటాయి, సన్నటి గీతలు వేలకొద్దీ ఒకదానిమీద ఒకటి పేరుకుని నీడ అవుతాయి, మనుషుల్లోని కోరికని ఆయన దాచిపెట్టరు.

నేను ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తియ్యడం, చేస్తాను కాబట్టి పనిముట్టు సంగతి కూడా చెప్పాలి. ఎచింగ్‌లో రాగి ప్లేటుకో జింకు ప్లేటుకో మైనం లాంటి పూత పూస్తాం. సూదితో గీస్తే గీసినచోట పూత లేచిపోతుంది. యాసిడ్‌లో పెడితే అక్కడ మాత్రమే లోహాన్ని తినేస్తుంది. ఆ గాట్లలో ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీస్తాం. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా పడి నల్లగా అచ్చవుతుంది, త్వరగా తీస్తే సన్నగా బూడిదరంగులో వస్తుంది. అంటే ముదురూ లేతా అనేది సూదిని నొక్కే బలంతో రాదు, ప్లేటుని ఎంతసేపు ముంచామన్న దాంతో వస్తుంది. ఆ ఓపికకి అలవాటుపడ్డ చెయ్యి మామూలు పెన్ను పట్టినా అలాగే గీస్తుంది. గౌడ్ గారు 60ల చివర, 70ల్లో వేసిన నలుపు తెలుపు బొమ్మల్లో నాకు అదే కనిపిస్తుంది. కాబట్టి అమ్మాయి ఏ పనిముట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తోందో చూడండక్కా. టాపిక్ ఏంటన్నది తర్వాత.

అంబర్‌పేట_అమ్మ
లినో అని రబ్బరు లాంటి షీటు ఒకటి చెక్కుతూ ఉంటుంది, దానికి ఇంకు పూసి అచ్చు తీస్తుందట. ఇల్లంతా ముక్కలు. దాని నాన్న రోజూ ఊడుస్తూ గొణుగుతారు.

జింకు_ప్లేటు
ఆయనకి నా నమస్కారం చెప్పండి. మా ఇంట్లో ఊడ్చేది మా అమ్మ.

గీతల_పిచ్చి
బాపు గారి గురించి ఇంతసేపు ఎవరూ మాట్లాడకపోవడం నావల్ల కావట్లేదు. ఆయన 1933లో నరసాపురంలో పుట్టారు, చదివింది లా. తమిళ కార్టూనిస్టు గోపులు గారిని గురువుగా చెప్పుకునేవారు, అంటే ఒకరిని చూసి నేర్చుకున్నానని దాచుకోలేదు. ఇప్పుడు ఆయన గీత దగ్గరికి రండి. జడ తీసుకోండి. మెడ దగ్గర సన్నగా మొదలై, నడుం దగ్గరికొచ్చేసరికి లావై, కొసకి మళ్లీ సన్నబడి ఆగిపోతుంది. ఆ లావు సన్నాల్లోనే ఆ పిల్ల తల తిప్పిందో, విసురుగా వెళ్తోందో, అలిగి కూర్చుందో తెలిసిపోతుంది. ముఖం చూడక్కర్లేదు. చాలా బొమ్మల్లో వెనకాల ఏమీ ఉండదు, తెల్లకాగితమే. గది ఉందని మనకి ఎలా తెలుస్తుందంటే ఒక గుమ్మం అంచో, మడత మంచం కోడో ఒకటి వేసి వదిలేస్తారు, మిగతా ఇల్లు మనమే కట్టుకుంటాం. ఆయన్ని అనుకరించేవాళ్లు పెద్ద కళ్లూ వాలుజడా తెచ్చుకుంటారు, ఆ వదిలెయ్యడం మాత్రం చేతకాదు. భయం వేసి కాగితమంతా నింపేస్తారు.

చందమామ_పాతసంచిక
గీతల_పిచ్చి అన్న బాపు గారి గురించి ఇంత పొట్టిగా రాయడం ఈ వేదికలో ఇదే మొదటిసారి అనుకుంటా.

గీతల_పిచ్చి
ఆఫీసులో ఉన్నాను. రాత్రికి మిగతాది.

ఛత్తాబజార్_ప్రింటర్
బాపు గారి అక్షరాల మాట నేను చెప్తా, రోజూ వాటితోనే మా పని. ఆ ఫాంటు కావాలని అడగని పెళ్లివాళ్లు మా దగ్గరికి తక్కువ వస్తారు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఫాంటులో ప్రతి “శ్రీ” ఒకేలా పడుతుంది. ఆయన స్వయంగా చేత్తో రాసిన టైటిల్స్ చూడండి, పక్కన ఏ అక్షరం ఉందో చూసుకుని ఈ అక్షరం ఒదుగుతుంది, కొమ్ము ఒకచోట సాగుతుంది, ఇంకోచోట ముడుచుకుంటుంది.

మా బజార్లో కంప్యూటర్లు రాకముందు ఉర్దూ కార్డులు కాతిబ్‌లు, అంటే చేతిరాతే వృత్తిగా ఉన్నవాళ్లు, రాసేవాళ్లు. ఉర్దూకి వాడే నస్తలీఖ్ రాతకి కొలత చాలా గట్టిగా ఉంటుంది. కలం కొనతో పెట్టిన చుక్కే కొలబద్ద, ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తు, ఎన్ని చుక్కల వెడల్పు అనేది ఉస్తాద్ దగ్గర ఏళ్లతరబడి దిద్ది నేర్చుకోవాలి. సొంతంగా ఏమీ చెయ్యకూడదన్నట్టే ఉంటుంది ఆ శిక్షణ. అయినా మా నాన్న ఎక్కడినుంచో వచ్చిన పెళ్లికార్డు చేతిలోకి తీసుకుని, పేరు లేకపోయినా రాసింది ఎవరో చెప్పేసేవారు. ఫోన్లో హలో అనగానే మనిషి తెలిసిపోయినట్టు. ఎలా తెలిసిందని అడిగితే, అక్షరాలు కాదురా, ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలయ్యేచోట చూడు అనేవారు.

రెండో_బెంచీ
ప్రింటర్ భాయ్, ఇది మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చందమామ_పాతసంచిక
ప్రింటర్ గారి నాన్నగారు చెప్పినలాంటిదే ఇటలీలో 19వ శతాబ్దంలో జొవాన్నీ మొరెల్లి అనే ఆయన పద్ధతిగా చేశాడు. వైద్యం చదివినాయన. సంతకం లేని పాత పెయింటింగ్ ఎవరిదో తేల్చాలంటే ముఖం, చూపు, భంగిమ చూడొద్దు, అవి అందరూ జాగ్రత్తగా వేస్తారు, అందరూ కాపీ కొడతారు, చెవి తమ్మె చూడండి, వేలిగోరు చూడండి అన్నాడు. చిత్రకారుడు పెద్దగా ఆలోచించకుండా చెయ్యి అలవాటుకొద్దీ వేసేసేచోట అతను దొరుకుతాడని.

చందమామ చదివి పెరిగినవాళ్లందరం చిన్నప్పుడు ఇది తెలియకుండానే చేశాం. 1947 జూలైలో మొదలైన పత్రిక. లోపలి బొమ్మలు శంకర్ గారు, చిత్రా గారు వేసేవారు. ఒకే సైజు, ఒకే రకం కథలు, రాజులూ రాక్షసులూ పేదబ్రాహ్మలూ. అయినా ఎవరిది ఏదో పిల్లలకి తెలిసేది. భుజాన శవం, చేతిలో కత్తితో విక్రమార్కుడు నడిచే బొమ్మ శంకర్ గారిదని పెద్దయ్యాక పేరు తెలిసింది కానీ ఆ చెయ్యి ముందే తెలుసు. ఇక అట్టమీద వడ్డాది పాపయ్య గారు. మూలన చిన్నగా “వ.పా” అని ఉంటుంది, అది వెతికేలోపే తెలిసిపోయేది. మనిషి ఒంటికి ఆయన వేసే పసుపూ నీలమూ ఏ మనిషికీ ఉండవు, అయినా అబద్ధమనిపించదు, ఎందుకంటే ఆ వెలుగు మొత్తం బొమ్మకి ఒకేచోటినుంచి వస్తుంది. పాత సంచికల్ని స్కాన్ చేస్తుంటే ఇప్పటికీ ఆ అట్టల దగ్గర ఆగిపోతాను.

కోడ్_కూలీ
2025 మార్చిలో అందరూ వాట్సాప్ డీపీలు జపాన్ యానిమేషన్ స్టూడియో ఘిబ్లి బొమ్మలుగా మార్చుకున్నారు గుర్తుందా? మా టీమ్ మొత్తం మార్చింది. ఫోటో ఇస్తే ఏఐ అర నిమిషంలో ఇచ్చేస్తోంది. అంటే స్టైల్ అనేది మెషిన్ నేర్చుకోగలిగిన లక్షణాల జాబితానే కదా. పెద్ద కళ్లు, మెత్తటి రంగులు, ఆకుపచ్చ కొండలు. దీనికి మీరేమంటారు కుంచె అన్నా?

కుంచె_కబుర్లు
ఏఐకి పట్టుబడినవి నువ్వు రాసిన మూడే తమ్ముడూ. ఘిబ్లి దర్శకుడు మియాజాకీ గారి సినిమా చూసినవాడికి ఇంకోటి తెలుసు. కథ ఆగిపోయి, ఎవరో గుడ్డు వేయిస్తుంటారు, గాలికి గడ్డి ఊగుతుంటుంది, ఏమీ జరగదు, ఆయన తొందరపడడు. దేనికి ఎంత టైమ్ ఇవ్వాలో ఆయనకో లెక్కుంది. నీ డీపీలో అది ఎక్కడుంది?

కోడ్_కూలీ
ఒక్క ఫోటోకి టైమ్ ఎలా వస్తుందన్నా, అన్యాయం. కానీ రేపు వీడియోలో అది కూడా చేస్తుంది.

నాంపల్లి_వకీల్
చట్టం సంగతి ఒక ముక్క. 1957 కాపీరైట్ చట్టం ఒక ఫలానా బొమ్మని కాపాడుతుంది, శైలిని కాపాడదు. ఎర్ర చీర పెద్ద బొట్టు ఆడమనిషిని ఎవరైనా వెయ్యొచ్చు. ఉన్న బొమ్మని దించేసినా, లేని సంతకం పెట్టి ఫలానావారిదని అమ్మినా అప్పుడు కేసు అవుతుంది. కాబట్టి చిత్రకారుడికి తన శైలి మీద హక్కుపత్రం లేదు, ఇంకొకడు వెయ్యలేనట్టు వెయ్యడమొక్కటే దారి.

సిద్దిపేట_సిన్నోడు
అందరు ఒక్క మనిషి గురించే మాట్లాడుతున్నరు. మా దిక్కు చేర్యాల ఉన్నది. నకాషీవాళ్లు గీసే పటాలు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులు దాటి పొడుగు ఉంటయి. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి ఆరబెట్టి, దానిమీద ఎర్రటి వెనకభాగం, అడ్డంగా వరుసలు, వరుసకీ వరుసకీ నడుమ పూలతీగ. ఈ పటాలు ముందు పెట్టుకుని కులపురాణం పాడి చెప్తరు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, గొల్లలకి కాటమరాజు కథ. గీసినాయన పేరు పాత పటం మీద ఉండదు. మరి అది శైలి కాదా? దేశం మొత్తంల ఎక్కడ చూసినా ఇది చేర్యాల అని చెప్తరు. ఒక్కని సొంతం కాకుంటేంది?

లెక్కల_మాస్టారు
సిద్దిపేట తమ్ముడు నా మాటే బలంగా చెప్పాడు. ఒక పద్ధతి పెట్టుకో, దాన్ని వదలకు. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ (1887–1972) చేసిందీ అదే. ఇంగ్లీషు పద్ధతి పోర్ట్రెయిట్లు మానేసి, బెంగాల్ పల్లె బొమ్మల వైపు, కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే పటాల వైపు తిరిగాడు. మందపాటి గీత, బాదం కళ్లు, చదును రంగు. తర్వాత ఇంటినే వర్క్‌షాపు చేసి ఇంట్లోవాళ్లతో కలిసి అవే బొమ్మలు మళ్లీ మళ్లీ వేయించి తక్కువ ధరకి అమ్మాడు. దేశం నెత్తిన పెట్టుకుంది.

జింకు_ప్లేటు
మాస్టారూ, తిరిగింది 1920ల్లో. అప్పటికి ఆయనకి నలభై దగ్గరపడింది. కలకత్తా ఆర్ట్ స్కూల్లో చదివి, పోర్ట్రెయిట్లతో పేరు తెచ్చుకుని, అందులో తనకి కావాల్సింది లేదని తేలాక తిరిగాడు. ఇరవై ఏళ్లప్పుడు ఎవరో గ్యాలరీ ఆయన చెబితే కాదు. అదీకాక చేర్యాల పటం ఆ రూపంలో ఎందుకుందంటే రాత్రిపూట దీపం వెలుగులో జనం దూరం నుంచి చూడాలి, కథ చెప్పేవాడు వరుస తర్వాత వరుస చూపిస్తూ పోవాలి. ఆ ఎరుపుకీ ఆ లావు గీతకీ పని ఉంది.

సిద్దిపేట_సిన్నోడు
ఇది కరెక్ట్ అన్నా. ఇప్పుడు గదే పద్ధతిల కీచైన్లు చేస్తున్నరు, బతకాలె కాబట్టి చేస్తరు, కానీ పటం ముందు కూసున్నట్టు అనిపించదు. అదీగాక, చూసి చూసి అలవాటైన పెద్దమనుషులు ఏ ఇంట్ల గీసిన పటమో ముక్కు చూసి చెప్తరు.

చందమామ_పాతసంచిక
ముక్కు! మొరెల్లి గారు వింటే పరిగెత్తుకొచ్చేవారు.

గీతల_పిచ్చి
చెప్పినట్టే రాత్రికొచ్చాను. ఒక్కటే చెప్తా. “పని” అన్నాడు జింకు తమ్ముడు, అది గుర్రాల బొమ్మల ఎం.ఎఫ్. హుసేన్ గారికీ వర్తిస్తుంది. మన బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ పెట్టినాయన. బొంబాయిలో మొదట్లో సినిమా హోర్డింగులు వేసి బతికారు. అంత పెద్ద బొమ్మని త్వరగా, కింద రోడ్డు మీద పోయేవాడికి తెలిసేలా వెయ్యాలి. ఆ గుర్రాల మెడలో ఉన్న దూకుడు, ఒక్క విసురులో వెళ్లే ఆ గీత, పొట్టకూటి పనిలో అబ్బిందే అని నాకు అనిపిస్తుంది.

రెండో_బెంచీ
మరి చిత్రకారుడు పి.టి. రెడ్డి గారి సంగతి? (1915–1996) బొంబాయిలో 40ల్లో యంగ్ టర్క్స్ అనే కుర్ర చిత్రకారుల గుంపులో ఒకరు, తర్వాత హైదరాబాద్ వచ్చి, 70ల్లో నియో తాంత్రిక్, అంటే తంత్ర చిహ్నాలతో వేసే బొమ్మలు. ఒకదానికొకటి పొంతన ఉండదు. ఈ లెక్కన ఆయనకీ స్టైల్ లేదని చెప్పి పంపేస్తారా?

లెక్కల_మాస్టారు
అందుకే వైకుంఠం పేరు తెలిసినంతగా జనానికి ఆయన పేరు తెలియదు.

కుంచె_కబుర్లు
జనానికి పేరు తెలియడం వేరు, గమనించదగ్గ పని ఉండటం వేరు మాస్టారూ. ఇంకో ఉదాహరణ, మనందరం స్కూల్ పిక్నిక్‌లో చూసిందే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా. పాలరాతి మీద పల్చటి గుడ్డ, లోపల ముఖం కనిపిస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన విగ్రహం, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. ఆ పనితనానికి ఎవరైనా నోరు తెరవాల్సిందే, నేనూ తెరిచాను. కానీ ఆ కాలంలో ఇటలీలో ముసుగు చెక్కడం ఒక ఫ్యాషన్, స్ట్రాజ్జా చెక్కాడు, మోంటీ చెక్కాడు. బెంజోనీయే అదే రెబెకాని మళ్లీ మళ్లీ చేసి అమ్మాడు. ముసుగు చూసి ఇది బెంజోనీదే అని చెప్పలేం. పనితనం అంత ఉన్నా చెయ్యి కనిపించకపోవచ్చు. అక్కా, ఒక పని చెయ్యండి. అమ్మాయి ఒప్పుకుంటే ఫోల్డర్‌లోవి నాలుగైదు ఫోటోలు పెట్టండి. వట్టి మాటలెందుకు, చూద్దాం.

అంబర్‌పేట_అమ్మ
ఒప్పుకుంది, చాలాసేపు బతిమాలాక. ఐదు పెట్టాను. మొజంజాహి మార్కెట్లో పండ్ల బండి (బొగ్గు), ఉస్మానియా ఆస్పత్రి దగ్గర మెట్లమీద పడుకున్నవాళ్లు (నీటిరంగులు), బస్టాపు (పెన్ను), మా వంటిల్లు (పెన్సిల్), మల్లెపూలు కట్టే ఆవిడ (లినో).

గీతల_పిచ్చి
చూశాను. మళ్లీ చూశాను. కాస్త ఆగండి.

జింకు_ప్లేటు
ఐదూ ఒకేచోటినుంచి చూసినవి! కన్ను చాలా కిందుంది. బండి చక్రం మనకన్నా ఎత్తుగా ఉంది, వంటింటి గట్టు కింద భాగం కనిపిస్తోంది. బస్టాపులో నిలబడ్డవాళ్ల తలలు కాగితం పైకి వెళ్లిపోయి తెగిపోయాయి. ఇలా ఎవరు చూస్తారు?

కుంచె_కబుర్లు
ఇంకొకటి. బొగ్గైనా నీటిరంగైనా చేతులు మాత్రం పూర్తిగా వేసింది. పండ్లు తూచే చెయ్యి, నిద్రలో బిడ్డ మీద వేసిన చెయ్యి. మిగతాదంతా తేలిగ్గా వదిలేసింది. మల్లెపూల లినోలో బొటనవేలికి దారం చుట్టుకున్నచోట చర్మం నొక్కుకుపోవడం చూడండి, ఒకే ఒక తెల్లటి గాటు, అంతే. గ్యాలరీ ఆయన ఐదు రకాల రంగులూ పనిముట్లూ చూసి ఐదు రకాలనుకున్నాడు.

అంబర్‌పేట_అమ్మ
అది చిన్నప్పటినుంచీ నేలమీద కూర్చునే వేస్తుందండీ. బల్ల కొన్నాం, దానిమీద బట్టలు పెడుతుంది. బయటికెళ్లినా మెట్టో అరుగో చూసుకుని కూర్చుంటుంది.

లెక్కల_మాస్టారు
బాగా వేసింది, సందేహం లేదు. కానీ ఒక మాట అడగాలి. ఐదింటిలో ఒక్క ముఖం కూడా సరిగ్గా లేదు. ముఖాలు రాక తప్పించుకుంటోందేమో. చేతకానిదాన్ని స్టైల్ అని పొగిడితే పిల్లకి మనమే చెడు చేసినవాళ్లమవుతాం.

కుంచె_కబుర్లు
ఇది అడగాల్సిన ప్రశ్నే మాస్టారూ. ఒక పుస్తకం నిండా ముఖాలే వెయ్యమనండి అక్కా. అవి వచ్చాక కూడా చేతుల దగ్గరికే పోతే అది తనది.

అంబర్‌పేట_అమ్మ
అమ్మ అకౌంట్ నుంచి నేనే రాస్తున్నాను. ముఖాలు వేస్తాను అంకుల్, కాలేజీలో పోర్ట్రెయిట్ క్లాసులో మార్కులు బాగానే వచ్చాయి. బయట మాత్రం, నేను చూస్తున్నానని తెలియగానే అందరూ ముఖం సర్దుకుంటారు. చేతులు సర్దుకోరు. పని చేసుకుంటూనే ఉంటాయి.

గీతల_పిచ్చి
ఈ మాట గ్యాలరీ ఆయనతో చెప్పావా తల్లీ?

అంబర్‌పేట_అమ్మ
ఆయన అడగలేదు అంకుల్.

ఛత్తాబజార్_ప్రింటర్
బేటీ, మా షాపులో మందపాటి కార్డు పేపరు అంచులు బోలెడు మిగులుతాయి. లినో అచ్చుకి పనికొస్తాయి. అమ్మతో వచ్చి పట్టుకెళ్లు, డబ్బులేం వద్దు.

లెక్కల_మాస్టారు
పూలు కట్టే చేతులది అచ్చు ఒకటి నాకు కావాలి, కొంటాను, ధర నువ్వే చెప్పు. ముఖాల పుస్తకం మాత్రం వదలకు. పది బొమ్మలు వెయ్యి అన్న మాట కూడా నేను వెనక్కి తీసుకోవట్లేదు, ఇప్పుడు ఏం పది వెయ్యాలో నీకే తెలుసు.

అంబర్‌పేట_అమ్మ
థాంక్యూ అంకుల్. ధర అమ్మనడిగి చెప్తా. జింకు అన్నా, లినోకి నీళ్ల ఇంకు వాడుతున్నాను, రోలర్ తిప్పుతుండగానే ఆరిపోయి అచ్చు మచ్చలు మచ్చలుగా వస్తోంది. ఏం చెయ్యాలి?

జింకు_ప్లేటు
నూనె ఇంకుకి మారిపో. మన ఎండలకి నీళ్లది ఫ్యాన్ కింద రెండు నిమిషాలు కూడా నిలవదు. నూనెది ఆరడానికి రోజులు పడుతుంది, తీగకి క్లిప్పులతో వేలాడదీయాలి, రోలర్ తుడవడానికి పాత బట్టా కాస్త వంటనూనే చాలు. చెక్కేముందు లినోని కాసేపు ఎండలో పెట్టు, మెత్తబడి కత్తి జారకుండా వెళ్తుంది. రెండో చెయ్యి కత్తికి ఎదురుగా పెట్టకు.